నలభై మంది సహవాసంలో ఉన్నాను, కానీ రాత్రి పదకొండింటికి ఫోన్ చేయడానికి ఒక్కరూ లేరు

ఒంటరి పిచ్చుక

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. మా కాలేజీలో క్రైస్తవ విద్యార్థుల సహవాసం ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం కూడుకుంటాం. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర్లో అందరూ చేతులు కలిపి వందనాలు చెప్పుకోవడం. ఏడాదిన్నరగా దాదాపు ప్రతి వారం వెళ్తున్నాను.

పోయిన నెల నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఆ వారం శుక్రవారం కూడిక కూడా తప్పింది. మూడో రోజు రాత్రి ఇంటి మీద బెంగ పట్టుకుంది. పరీక్షల టెన్షన్ కూడా ఉంది. ఎవరితోనైనా కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేయాలనిపించింది. ఫోన్ తీసి సహవాసం గ్రూపులో ఉన్న నలభై పేర్లూ పైనుంచి కిందిదాకా చూశాను. ఈ టైములో చేస్తే ఏమనుకుంటారో అని అనిపించని పేరు ఒక్కటీ కనిపించలేదు. ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాను. తర్వాతి శుక్రవారం వెళ్తే ఒక అన్న నవ్వుతూ "పోయిన వారం రాలేదేంటి?" అన్నారు. "ఒంట్లో బాలేదన్నా" అన్నాను. "అయ్యో, ప్రార్థన చేద్దాం" అని వెళ్ళిపోయారు.

ఎవరి మీదా కోపం లేదు, వాళ్ళందరూ మంచివాళ్ళే. నా ప్రశ్న ఒక్కటే. విశ్వాసంలో నిజమైన స్నేహితులు ఎలా దొరుకుతారు? దొరికినవాళ్ళు చదువు అయిపోయాక కూడా ఎలా నిలుస్తారు?

గడ్డిపువ్వు

తమ్ముడూ, నీ పోస్ట్ చదివి కళ్ళు చెమర్చాయి. నేను పీజీ చేసేటప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి. ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది? ముందు అది చెప్పు.

మూడు పేటల త్రాడు

తమ్ముడూ, నేను చదువు ముగించి పన్నెండేళ్ళు దాటింది. నాకు ఇద్దరు స్నేహితులున్నారు. ముగ్గురం మూడు వేర్వేరు నగరాల్లో ఉంటాం. ఇప్పటికీ ప్రతి ఆదివారం రాత్రి ఇరవై నిమిషాలు ఫోన్లో కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఇది ఎలా మొదలైందో చెప్తాను. పెద్ద ప్లాన్ ఏమీ కాదు.

మా సహవాసంలోనూ నీ దగ్గరలాగే బాగా పాడేవాళ్ళు, బాగా ప్రార్థించేవాళ్ళు ఉండేవాళ్ళు. కానీ కూడికలో మాట్లాడేదంతా గెలిచిన సంగతులే. "దేవుడు సహాయం చేశాడు, పాసయ్యాను" అని సాక్ష్యం చెప్పేవాళ్ళం. ఫెయిలైనవాడు ఆ వారం వచ్చేవాడు కాదు. ఇది చాలాకాలం మాకు తట్టలేదు.

మూడో సంవత్సరంలో నేను రెండు పేపర్లలో ఫెయిలయ్యాను. ఇంట్లో చెప్పలేదు. సహవాసంలో అసలు చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నేను వాక్యం చెప్పే గుంపులో ఉన్నాను. ఒకరోజు కూడిక అయ్యాక కుర్చీలు సర్దుతుంటే, నాతో పాటు సర్దుతున్న అబ్బాయి "అన్నా, నీ మొహం బాలేదు" అన్నాడు. ఏమీ లేదన్నాను. వాడు ఇంకో మాట అడగలేదు. మిగిలిన కుర్చీలు సర్ది హాస్టల్ దాకా నాతో నడిచాడు. గేటు దగ్గర నేనే చెప్పేశాను. వాడు వాక్యం చెప్పలేదు, సలహా కూడా ఇవ్వలేదు. "నాకూ ఒకటి పోయింది, ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. మా స్నేహం ఆ గేటు దగ్గర మొదలైంది. అప్పటిదాకా రెండేళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే పాటలు పాడాం, కానీ ఒకరికొకరం తెలియదు.

అందుకే నా మాట ఇది: శుక్రవారం కూడికలో స్నేహితులు దొరకలేదని బాధపడకు. అక్కడ మనుషులు పరిచయమవుతారు. స్నేహం కూడికకీ కూడికకీ మధ్య, మిగతా ఆరు రోజుల్లో పెరుగుతుంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చివర చూడు. ఆదిసంఘం దేవాలయంలో కూడుకోవడంతో ఆగలేదు, ఇంటింటా రొట్టె విరిచారు. మనం దేవాలయం సగం పట్టుకుని ఇంటి సగం వదిలేశాం.

ఇంకొకటి. నలభై మందిలో నలభై మందీ నీకు ఆప్తులు కారు, కానక్కర్లేదు కూడా. యేసు వెనుక జనసమూహాలు ఉన్నాయి, పన్నెండు మంది శిష్యులు ఉన్నారు, గెత్సేమనే తోటలో ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళింది మాత్రం ముగ్గురినే. "నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అని ఆయన చెప్పుకున్నది ఆ ముగ్గురితోనే. ప్రభువే తన దుఃఖాన్ని చెప్పుకోవడానికి మనుషులను పక్కన ఉండమని అడిగాడంటే, నువ్వు అడగడం బలహీనత ఎలా అవుతుంది?

వెనుక బెంచీ

నాదొక సందేహం. ముగ్గురు ముగ్గురుగా విడిపోతే గుంపులు కట్టినట్టు అవదా? మా సహవాసంలో ఒక ఐదుగురున్నారు. ఎప్పుడూ కలిసే వస్తారు, కలిసే కూర్చుంటారు, వాళ్ళలో వాళ్ళే నవ్వుకుంటారు. వాళ్ళది నిజమైన స్నేహమే, కాదనను. కానీ కొత్తగా వచ్చిన నాలాంటివాళ్ళకి ఆ వలయం గోడలా కనిపిస్తుంది. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. మూడు నెలలుగా చివరి వరుసలో కూర్చుని ముగింపు ప్రార్థన కాగానే లేచి వెళ్ళిపోతున్నాను.

పాత పుటలు

వెనుక బెంచీ గారి ప్రశ్న చాలా ముఖ్యం. సంఘ చరిత్ర చదివేటప్పుడు నాకు బాగా నచ్చిన ఒక స్నేహం గురించి చెప్తాను. అందులో దీనికి కొంత జవాబుంది.

నాలుగో శతాబ్దం, 350ల నాటి ఏథెన్స్. అప్పట్లో పెద్ద చదువులకు పేరున్న నగరం అది. గ్రెగొరీ అనే క్రైస్తవ విద్యార్థి అప్పటికే అక్కడ ఉన్నాడు. తర్వాత బాసిల్ వచ్చాడు. ఇద్దరిదీ కప్పదొకియ ప్రాంతమే (ఇప్పటి టర్కీలో ఉంది). కొత్తగా వచ్చినవాళ్ళను పాత విద్యార్థులు వీధుల్లో ఊరేగించి ఆటపట్టించే అలవాటు అక్కడ ఉండేది, ఇప్పటి మాటలో చెప్పాలంటే ర్యాగింగ్. బాసిల్ నెమ్మదస్థుడు. గ్రెగొరీ ముందే అందరితో మాట్లాడి అతనికి ఆ అవమానం తప్పించాడు. వాళ్ళ స్నేహానికి మొదటి మెట్టు ఇదేనని గ్రెగొరీయే తర్వాత చెప్పుకున్నాడు. అంటే ముందుగా వచ్చినవాడు కొత్తవాడి కోసం తన పరపతి వాడాడు. చివరి వరుసలో కూర్చున్నవాళ్ళ దగ్గరికి మొదట నడిచి వెళ్ళాల్సింది పాతవాళ్ళే. ఆ బాధ్యత కొత్తవాళ్ళ మీద పెట్టకూడదు.

కొద్ది రోజులకే కొందరు పాత విద్యార్థులు బాసిల్‌తో వాదానికి దిగారు. గ్రెగొరీ మొదట వాళ్ళ పక్షాన మాట్లాడాడు, మధ్యలో వాళ్ళది అసూయ అని గ్రహించి బాసిల్ వైపు వచ్చాడు. తర్వాత బాసిల్‌కి ఏథెన్స్ మీదే విరక్తి కలిగింది, ఊహించుకున్నంత గొప్పగా లేదని కుంగిపోయాడు. గ్రెగొరీ పక్కన కూర్చుని, ఒక చోటు ఎలాంటిదో తెలియడానికి టైము పడుతుందని ఓదార్చాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. వాళ్ళకి రెండే దారులు తెలుసట. ఒకటి సంఘానికి, రెండోది గురువుల దగ్గరికి.

ఇక్కడితో ఆపితే అందమైన కథ అవుతుంది. కానీ మిగతాది కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ తర్వాత, 372లో, అప్పటికి తనూ బిషప్ అయిన బాసిల్ గ్రెగొరీని ససిమా అనే ఊరికి బిషప్‌గా నియమించాడు. గ్రెగొరీకి అది ఇష్టం లేదు. స్నేహితుడు తనను వాడుకున్నాడని గాయపడ్డాడు. ఆ గాయం పూర్తిగా మానలేదని అతని రాతల్లో కనిపిస్తుంది. అయినా 379లో బాసిల్ చనిపోయాక, అతని జ్ఞాపకార్థం చేసిన సుదీర్ఘ ప్రసంగంలో ఏథెన్స్ రోజులను అంత ప్రేమగా తలుచుకున్నది ఈ గ్రెగొరీయే. ససిమా సంగతి దాచలేదు, దాని గురించి కూడా బాధతోనే చెప్పాడు. నొప్పినీ ప్రేమనీ ఒకే ప్రసంగంలో పెట్టగలిగాడు.

శాశ్వత స్నేహం అంటే ఎప్పుడూ గొడవపడని స్నేహం అని మనం ఊహించుకుంటాం. అందుకే మొదటి గాయానికే తలుపు మూసేస్తాం.

నూనెదీపం

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. అందరూ మనసు విప్పండి అంటున్నారు. మనసు విప్పి దెబ్బతిన్న మనిషిగా ఒక మాట.

మూడేళ్ళ క్రితం మా అమ్మానాన్నలు విడిపోయే స్థితికి వచ్చారు. మా సహవాసంలో ఒక అక్కతో ఏడ్చి చెప్పాను. రెండు రోజుల్లో అది ప్రార్థన అంశంగా గ్రూపులోకి వచ్చింది. పేరు రాయలేదు. "మన సహోదరి ఒకరి కుటుంబం కోసం" అని రాశారు. కానీ ఆ వారం నేను ఒక్కదాన్నే కళ్ళు వాచి తిరుగుతున్నాను, ఎవరో తెలియడానికి పేరెందుకు? కారిడార్లో ఎదురైనవాళ్ళు భుజం తట్టి "ప్రార్థిస్తున్నాం" అంటుంటే ఒళ్ళంతా చచ్చిపోయినట్టు ఉండేది. ఆ అక్కది చెడు ఉద్దేశం కాదు. ఎక్కువమంది ప్రార్థిస్తే మంచిదని అనుకున్నారు. నేను మాత్రం ఆ తర్వాత ఏడాదిపాటు ఏ సహవాసానికీ వెళ్ళలేదు.

సామెతలు 11:13 చదవండి. కొండెములు చెప్పేవాడు రహస్యం బయటపెడతాడు, నమ్మకమైన స్వభావం గలవాడు సంగతి దాస్తాడు. ప్రార్థన అని పేరు పెట్టినంత మాత్రాన మన నోటి నుంచి దాటిన రహస్యం పవిత్రమైపోదు. ఎవరైనా మీతో ఒక సంగతి చెప్తే, ఇంకొకరికి చెప్పేముందు వాళ్ళనే అడగండి. "దీన్ని ఇంకెవరితోనైనా చెప్పొచ్చా, నా దగ్గరే ఉంచనా?" ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు ఆ ఏడాది దూరం తప్పేది.

మూడు పేటల త్రాడు

నూనెదీపం చెల్లీ, ఆ అక్క స్థానంలో నేనూ ఒకసారి ఉన్నాను. ఒక తమ్ముడి సంగతి మా పాస్టర్ గారితో అడగకుండా చెప్పాను. వాడు నన్ను క్షమించడానికి చాలాకాలం పట్టింది. నీ ప్రశ్నను మా చిన్న గుంపులో మొదటి నియమంగా పెట్టుకుంటాం.

ఒక్కటి మాత్రం కలపాలి. ఎవరైనా ప్రాణం తీసుకోవాలనుకుంటున్నారని తెలిసినా, ఎవరైనా వాళ్ళకి హాని చేస్తున్నారని తెలిసినా, ఆ రహస్యం మన దగ్గరే ఉంచకూడదు. "నిన్ను ఒంటరిగా వదలను, కానీ దీన్ని సహాయం చేయగల పెద్దవాళ్ళకి మనిద్దరం కలిసి చెప్దాం" అనాలి. డాక్టరు, కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళడం విశ్వాసలోపం కాదు.

మార్త చేతులు

మా కాలేజీ సహవాసానికి రెండేళ్ళు కోఆర్డినేటర్‌గా ఉన్నాను. నాయకుల వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే పిచ్చుక తమ్ముడు నాలుగు రోజులు మంచం మీద ఉంటే ఎవరికీ తెలియకపోవడం ఒక్క మనిషి తప్పు కాదు. మనం ఏర్పాటు చేసుకున్న పద్ధతే అలా ఉంది. నలభై మందిని ఒక్క కోఆర్డినేటర్ గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు. నేను ప్రయత్నించి అలిసిపోయాను.

మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ కాలంలో జరిగిన ఒక సంగతి చదివాక మేము పద్ధతి మార్చాం. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వాళ్ళ కూడిక భవనం మీద అప్పు ఉంది. తీర్చడానికి సభ్యులను సుమారు పన్నెండేసి మందిగా విడదీసి, ఒక్కో గుంపుకి ఒకరిని పెట్టారు. ఆ మనిషి వారం వారం వెళ్ళి ఒక్కో పెన్నీ వసూలు చేయాలి, ఇవ్వలేనివాళ్ళది తనే వేయాలి. అలా గడప గడపకీ వెళ్ళినవాళ్ళకి డబ్బు కంటే ముందు మనుషుల బతుకులు కనిపించాయి. ఎవరి ఇంట్లో గొడవ ఉందో, ఎవరు కుంగిపోతున్నారో తెలిసింది. మనకి ఇంతకాలం కావలసింది ఇదే అని వెస్లీ గ్రహించాడు. అప్పు వసూలు కోసం పెట్టిన ఏర్పాటు వాళ్ళ సంరక్షణకు వెన్నెముక అయింది.

మేము చేసింది చిన్నది. నలభై మందిని నలుగురైదుగురి గుంపులుగా చేశాం. హాజరు పట్టీ లేదు, నివేదిక లేదు. వారంలో ఒకసారి, కూడిక లేని రోజు, ఒకరినొకరు కలవాలి. అంతే. కలిసి నడవొచ్చు, కలిసి భోంచేయొచ్చు, కలిసి చదువుకోవచ్చు. అడగాల్సింది రెండు ప్రశ్నలు: ఈ వారం ఎలా గడిచింది? నీ కోసం ఏం ప్రార్థించమంటావు? మొదటి నెల చాలా ఇబ్బందిగా ఉండింది. సగం గుంపులు కలవనేలేదు. రెండు గుంపులు నిలిచాయి. మరుసటి ఏడాది ఆ రెండింట్లోంచి వచ్చినవాళ్ళే మిగతావాటిని నడిపించారు. కాబట్టి మొదటి నెలలోనే ఫలితం లేదని వదిలేయకండి.

వెనుక బెంచీ గారూ, గుంపులు గోడలు కాకుండా మేము ఒక ఖాళీ కుర్చీ పెట్టేవాళ్ళం. ప్రతి గుంపూ ఒక కొత్త మనిషికి చోటు ఉంచుకునే కూర్చోవాలి. విశ్వాసులు కాని క్లాస్‌మేట్లు కూడా అప్పుడప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళని మార్చడానికి పిలవలేదు, స్నేహితులని పిలిచాం.

వెనుక బెంచీ

ఖాళీ కుర్చీ మాట బాగుందక్కా. మా కోఆర్డినేటర్‌కి ఈ పోస్ట్ పంపాను.

ఒంటరి పిచ్చుక

గడ్డిపువ్వు అక్కా, ఇప్పుడు ఆరోగ్యం బాగుంది. అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను.

నిన్న కూడిక అయ్యాక కుర్చీలు సర్దడానికి ఉండిపోయాను. మా క్లాసులోనే చదివే ఒక అబ్బాయి కూడా సర్దుతున్నాడు. ఏడాదిన్నరగా చూస్తున్నా, వాడి ఇంటి సంగతి ఒక్కటీ తెలియదు. ధైర్యం చేసి అన్నాను: "పోయిన నెల జ్వరం వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదు. ఇకనుంచి నీకు చేయొచ్చా?" వాడు కాసేపు ఏమీ అనలేదు. నేను తప్పు మాట్లాడానేమో అనుకున్నాను. తర్వాత "నేను కూడా చేయొచ్చా?" అన్నాడు.

అయితే ఇప్పుడు భయం ఇంకొకటి. ఇంకో ఏడాదిన్నరలో చదువు అయిపోతుంది. మళ్ళీ ఒంటరినే అవుతానా?

గడ్డిపువ్వు

తమ్ముడూ, దానియేలునీ అతని ముగ్గురు స్నేహితులనీ ఎప్పుడైనా విద్యార్థులుగా చూశావా? ఇంటికి దూరంగా, బబులోనులో, పరాయి భాషలో, మూడేళ్ళ చదువుకి వచ్చిన కుర్రాళ్ళు. పేర్లు కూడా మార్చేశారు. రెండో అధ్యాయంలో తన కల చెప్పలేకపోయారని రాజు జ్ఞానులందరినీ చంపమన్నప్పుడు దానియేలు రాజును గడువు అడిగి, ఇంటికి వెళ్ళి హనన్యా, మిషాయేలు, అజర్యాలకు సంగతి చెప్పాడు. నలుగురూ కలిసి ప్రార్థించారు. రాత్రి దర్శనంలో ఆ కల మర్మం బయలుపడింది. ఎవరికి చెప్పాలి అని ఆ రాత్రి అతను వెతుక్కోలేదు. చదువుకునే రోజుల్లోనే ఆ ఇల్లు సిద్ధమై ఉంది.

నీ భయానికి జవాబు మూడో అధ్యాయంలో ఉంది. రాజు ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండం ముందు ఆ ముగ్గురే నిలబడ్డారు. అక్కడ దానియేలు పేరు కనబడదు. అయినా వాళ్ళు తొణకలేదు. కలిసి ఉన్నప్పుడు ఒకరి విశ్వాసానికి ఒకరు ఇచ్చిన బలం, ఒకరు పక్కన లేని రోజున కూడా పనిచేసింది. నా పీజీ స్నేహితురాలితో ఇప్పుడు నెలకి ఒకసారి మాట్లాడితే గొప్ప. కానీ మా నాన్నగారు పోయిన రోజున నాకు గుర్తొచ్చిన కీర్తన ఆమె పరీక్షల రాత్రి నాకు చదివి వినిపించినదే.

పాత పుటలు

దీనికి తోడు ఒక చిన్న మాట. పౌలూ బర్నబా తమ తోటి పనివాడైన మార్కు విషయంలో తీవ్రంగా వాదించుకుని విడిపోయారు (అపొస్తలుల కార్యములు 15). తర్వాత పౌలు చెరసాలలో ఉండి తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు, పరిచర్యకు నాకు ప్రయోజనకరమైనవాడు అని. మధ్యలో ఏం జరిగిందో మనకు రాసి లేదు. కానీ ఎవరో తలుపు మళ్ళీ తెరిచారు. మీ సహవాసంలో మాటలు ఆగిపోయిన స్నేహం ఏదైనా ఉంటే, చదువు అయిపోకముందే ఒక ఫోన్ చేయండి. దూరాలు పెరిగాక ఆ ఫోన్ బరువెక్కుతుంది.

నూనెదీపం

పై పోస్ట్ చదివాక ఆ అక్కకి మెసేజ్ పెట్టాను. మూడేళ్ళ తర్వాత. ఇంకా చూడలేదు. నాకోసం ప్రార్థించండి.

మూడు పేటల త్రాడు

చేస్తాం చెల్లీ.

పిచ్చుక తమ్ముడూ, చదువు తర్వాత నిలవడం గురించి మా అనుభవం ఇది. ఆఖరి పరీక్ష రోజు మేము ముగ్గురం కలిసి కూర్చుని వారం, టైము ఖాయం చేసుకున్నాం. "టచ్‌లో ఉందాం" అని అనుకున్న మిగతా స్నేహాలు చాలావరకు సన్నగిల్లాయి. రోజు, టైము పెట్టుకున్న ఇది నిలిచింది. మధ్యలో ఒకడు రెండేళ్ళు ఫోన్ ఎత్తలేదు. ఉద్యోగం పోయి, విశ్వాసం మీద కూడా విసుగొచ్చిన రోజులవి. మేమిద్దరం ప్రతి ఆదివారం అదే టైముకి ఫోన్ చేశాం. ఎత్తకపోతే వాడి పేరు చెప్పి ప్రార్థించుకుని పెట్టేసేవాళ్ళం. ఎందుకు ఎత్తలేదని అడగలేదు, వాక్యాలు మెసేజ్ చేసి వాడిని ఇబ్బంది పెట్టలేదు. ఒక ఆదివారం ఎత్తాడు. ఏమీ మాట్లాడలేదు, మేం ప్రార్థిస్తుంటే విన్నాడు. దావీదు జీఫు అరణ్యంలో దాక్కున్నప్పుడు స్నేహితుడు యోనాతాను వెతుక్కుంటూ వెళ్ళి దేవునిబట్టి అతన్ని బలపరిచాడని 1 సమూయేలు 23లో ఉంది. ఆ మాట నాకు ఆ రెండేళ్ళలో అర్థమైంది.

ఒంటరి పిచ్చుక

మూడు వారాలైంది, సంగతులు చెప్పాలని వచ్చాను. ఆ అబ్బాయీ నేనూ ఇప్పుడు బుధవారం సాయంత్రాలు కలుస్తున్నాం. మొదటి వారం ఎక్కువసేపు పరీక్షల గురించే మాట్లాడుకున్నాం. రెండో వారం వాడు తన తమ్ముడి గురించి చెప్పాడు. ఇంకెవరితోనైనా చెప్పొచ్చా అని అడిగాను, వద్దన్నాడు. అందుకే ఇక్కడా చెప్పను.

మూడో కుర్చీ వేశాం. మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు సహవాసంలో తలుపు పక్కన కూర్చునేవాడు. నెల రోజులుగా కనిపించడం లేదు. ఎవరికీ తెలియదు, నాక్కూడా తట్టలేదు. నిన్న ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాం. అమ్మకి ఆపరేషన్ అయిందట, ఇంటికి వెళ్ళిపోయాడు. సహవాసం నుంచి ఫోన్ రావడం ఇదే మొదటిసారి అన్నాడు. రేపు శనివారం, మేమిద్దరం ఉదయాన్నే బయలుదేరి వాళ్ళింటికి వెళ్తున్నాం. ఆమె కోసం, మా ప్రయాణం కోసం ప్రార్థించండి.